ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ డబ్బా కొనాలి?

మా మేనల్లుడు పాలకొల్లు నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, ఆర్10 కొనమంటావా, ఫినాలే మ్యాచ్ కొనమంటావా?" అని అడిగాడు. రెండూ ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్ల, అంటే పెల్లెట్ల, పేర్లు. "ఏ లాటురా?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "లాటేంటి మావయ్యా, నేను డబ్బా గురించి అడుగుతుంటే!" అన్నాడు. అప్పుడు వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే కాకినాడ నుంచి భీమవరం దాకా ఈ మధ్య పిల్లలకు ఎయిర్ రైఫిల్ కొనిచ్చిన ప్రతి తండ్రీ నన్ను అడిగేది ఇదే.

విదేశీ వీడియోలు చూసేవాళ్లకు ఒక సందేహం ఉంటుంది, మనమూ వాళ్లలా చేయొచ్చా అని. అక్కడి టార్గెట్ షూటర్లు తమ తూటాలు తామే నింపుకుంటారు. తుపాకీ మందు కాస్త పెంచి, కాస్త తగ్గించి, బుల్లెట్ ఎంత లోతుగా కూర్చోవాలో మార్చి, తమ రైఫిల్‌కి ఏది నప్పుతుందో నెలల తరబడి వెతుకుతారు. మన దగ్గర తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, కాబట్టి అది పెరట్లో కూర్చుని చేసే పని కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు మందే లేదు. గాలి తోస్తుంది, సీసం వెళుతుంది. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి 8 జౌళ్ల లోపే. 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు లేకుండా ఉంచుకోగల హద్దు 20 జౌళ్లు, 4.5 మి.మీ. బోరు. అందుకే మన ఊళ్లలో ఈ ఆట పెరుగుతోంది.

అయితే వాళ్లు మందు మార్చి వెతికేదాన్నే మనం లాట్ మార్చి వెతుకుతాం. మన చేతిలో ఉన్న మీట అదొక్కటే.

లాట్ అంటే ఒకే అచ్చుల మీద, ఒకే విడతలో తయారైన సరుకు. అచ్చు వాడేకొద్దీ అరుగుతుంది, మారుస్తారు, మళ్లీ అరుగుతుంది. అందుకే డబ్బా మీద తల కొలత 4.50 మి.మీ. అనే రాసి ఉన్నా రెండు లాట్ల తలలు కచ్చితంగా ఒకటే కావు. రైఫిల్ గొట్టాలూ అంతే. ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన తయారైన రెండింటి లోపలి కొలతలో మి.మీ.లో వందో వంతు తేడా ఉండొచ్చు. పెల్లెట్ తల గొట్టం లోపల మెలితిరిగిన గాడుల మధ్య ఉండే గట్ల మీద ఆనుకుని నడుస్తుంది, వెనక ఉన్న పల్చటి పావడా గాలి ఒత్తిడికి విచ్చుకుని సీలు వేస్తుంది. ఈ పొందిక కుదిరిందా లేదా అనేది గొట్టం చెప్పాలి తప్ప డబ్బా మీది పేరు చెప్పదు. కుటుంబంలో ఒకరికి సరిపోయిన చెప్పులు ఇంకొకరికి కరుస్తాయి కదా, అలాగ.

మొదట ఎవరు కాలుస్తున్నారో చూడండి

పెల్లెట్ల మీద డబ్బు పెట్టేముందు ఒక చిన్న లెక్క చూడండి. షూటర్ చేతి వణుకు వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు. రెండింటి వర్గాలు కూడి, దాని వర్గమూలం వస్తుంది. స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్కే.

ఏడాదిగా నేర్చుకుంటున్న పిల్లవాడి 10 షాట్లు 12 మి.మీ. మేర చెదురుతున్నాయనుకోండి. పెల్లెట్ సొంత చెదురు 2 మి.మీ. అయితే మొత్తం 12.17. ఖరీదైన డబ్బా తెచ్చి పెల్లెట్ చెదురును 1 మి.మీ.కి దించితే మొత్తం 12.04. తేడా వెంట్రుకవాసి. 60 షాట్ల మ్యాచ్‌లో అది ఒక పాయింటు. అదే పిల్లవాడు ట్రిగ్గర్ నొక్కే పద్ధతి సరిచేసుకుంటే ఇరవై పాయింట్లు పెరుగుతాయి.

ఇప్పుడు బాగా ఆడే షూటర్‌ని తీసుకుందాం. సొంత చెదురు 5 మి.మీ. పెల్లెట్ 2 మి.మీ. అయితే మొత్తం 5.39, పెల్లెట్ 1 మి.మీ. అయితే 5.10. ఆ 0.3 మి.మీ. అరవై షాట్లలో రెండు పాయింట్ల పైమాటే. స్కోరు పాయింటులో పదో వంతు (దశాంశం) దాకా లెక్కిస్తారు కాబట్టి, దశాంశాల్లో ఫైనల్ చేరేవాళ్లకు, ఒక్క దశాంశంతో ఆగిపోయేవాళ్లకు మధ్య రెండు పాయింట్లంటే చాలా పెద్ద గోడ. టార్గెట్ మీద దశాంశం ఒక్కటి 0.25 మి.మీ. మాత్రమే. మధ్యలో 10 పాయింట్లిచ్చే చుక్క వ్యాసం 0.5 మి.మీ., అంటే పెన్సిల్ మొనతో పెట్టిన చుక్క. పెల్లెట్ అంచు దానికి తగిలితే చాలు కాబట్టి, పెల్లెట్ నడిబొడ్డు టార్గెట్ కేంద్రం నుంచి 2.5 మి.మీ. లోపు పడితే 10 వస్తుంది.

2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం తెచ్చిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పేర్లు విని మనవాళ్లు ముందు ఆ స్థాయి డబ్బాలు కొంటారు. ముందు స్థాయి రావాలి, డబ్బా ఆ తరవాత కదండీ!

రైఫిల్ సంగతీ ఇంతే. గొట్టం వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్ అయితే స్ప్రింగ్ తన్నే తన్నుకి పట్టు కొంచెం మారినా గుండు పక్కకు పోతుంది. ఆ తన్ను ముందు మంచి లాట్‌కీ మామూలు లాట్‌కీ తేడా కనిపించదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో బెలూన్ల కొట్టు తుపాకీ పట్టుకుని గురి తప్పినవాళ్లెవరైనా ఉంటే, అది మీ తప్పే కానక్కర్లేదు, ఆ గొట్టంలో పెల్లెట్ గజ్జెలా మోగుతుంది. స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు మధ్యరకం డబ్బా కొనుక్కుని, ఈ వ్యాసంలో లాట్ పరీక్ష గురించి చెప్పేదంతా వదిలేయొచ్చు. సిలిండర్ గాలితో నడిచే మ్యాచ్ రైఫిల్ ఉన్నవాళ్లకే మిగతాది.

చవకదా, మధ్యదా, పైదా

దుకాణాల్లో దొరికేవాటిని నేను మూడు మెట్లుగా చూస్తాను. కింది మెట్టులో ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ వాళ్ల హాబీ, బేసిక్ లాంటివి. బరువు 0.45 గ్రాములు. మధ్యలో మైస్టర్‌కుగెల్న్ లాంటివి. పైన ఆర్10 మ్యాచ్, హెచ్ అండ్ ఎన్ వాళ్ల ఫినాలే మ్యాచ్, చెక్ దేశం నుంచి వచ్చే జెఎస్‌బి మ్యాచ్ రకాలు. పై రెండు మెట్లలోనూ రైఫిల్ కోసం చేసినవి 0.53 గ్రాముల దగ్గర ఉంటాయి. అవే పేర్లతో పిస్టల్‌కి తేలికవి వస్తాయి, డబ్బా అందుకునేటప్పుడు జాగ్రత్త. మా క్లబ్బులో ఒకాయన రెండు నెలలు పిస్టల్ డబ్బా వాడి, గురి చూసే సైట్ ఎందుకు కిందికి దించాల్సి వచ్చిందో తెలియక తలపట్టుకున్నాడు. తేలికది ఎక్కువ వేగంతో పోతుంది, అందుకని పైన పడుతుంది. అంతే విషయం.

మొదటి ఏడాది పిల్లలకు నా ఓటు మధ్య మెట్టుకే. కింది మెట్టు డబ్బాల్లో పావడా నొక్కుకుపోయినవి, అంచుకు సీసపు పీచు అంటుకున్నవి తగులుతాయి. అలాంటిది ఒకటి వెళ్లి 8లో పడితే పిల్లవాడు తన తప్పేనని అనుకుని, బాగున్న పద్ధతిని మార్చుకుంటాడు. చవక డబ్బా వల్ల నాకు నిజంగా భయం అదే. డబ్బు కన్నా అది పెద్ద నష్టం. రోజుకు వంద చొప్పున ఏడాదికి 300 రోజులు కాలిస్తే 30,000 పెల్లెట్లు, అంటే 500 పట్టే డబ్బాలు 60. అన్నీ పై మెట్టువే కొనాలంటే ఎంతవుతుందో మీ దుకాణంవాడి ధరతో గుణించుకోండి. నేనైతే సాధనకు మధ్య మెట్టు, పోటీకి నెల ముందు నుంచి పరీక్షించిన పై మెట్టు లాట్ అంటాను. రకం మారిస్తే సైట్ రెండు మూడు క్లిక్కులు మారుతుంది, దాన్ని పుస్తకంలో రాసి పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

ఇంకో మాట. మన గొట్టానికి నప్పిన మధ్య మెట్టు లాట్, నప్పని పై మెట్టు లాట్‌ని ఓడించడం నేను చాలాసార్లు చూశాను.

ముందు భాగం చదునుగా ఉన్నదే కొనండి. అది కాగితానికి పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రటి చిల్లు వేస్తుంది. గుండ్రని తలవి, సూది తలవి కాగితాన్ని చించుతాయి, స్కోరు దగ్గర గొడవ.

4.49, 4.50, 4.51

తల కొలత డబ్బా మీద చీటీపై ఉంటుంది. ఏది తీసుకోవాలో ముందే చెప్పగల మొనగాడు లేడు. "బిగుతుగా ఉంటే మంచిది" అని ఒకరు, "సులువుగా దూరాలి" అని ఒకరు వాదిస్తుంటారు. ఇద్దరి మాటా వారి వారి గొట్టానికి నిజమే కావొచ్చు. మొదలుపెట్టడానికి మాత్రం 4.50 సరైనది. ఎక్కువ లాట్లు అందులోనే దొరుకుతాయి, పరీక్షకు రకరకాలు తెచ్చుకోవడం తేలిక. 4.50లో నాలుగు లాట్లు చూశాక కూడా గ్రూప్, అంటే వరసగా కాల్చిన షాట్ల చిల్లుల గుంపు, బిగుసుకోకపోతే అప్పుడు 4.49, 4.51 వైపు వెళ్లండి. మొదటి రోజే మూడు కొలతలు, మూడు కంపెనీలు కలిపి తొమ్మిది డబ్బాలు ముందేసుకుంటే ఏది దేనివల్లో తెలియదు.

తూచడమా, కాల్చి చూడడమా

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నేనే మోసపోయాను.

బంగారం తూచే త్రాసు ఒకటి కొన్నాను, గ్రాములో వెయ్యోవంతు చూపించేది. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో అందరూ ప్రభల తీర్థానికి వెళ్తే నేను డాబా మీద కూర్చుని 500 పెల్లెట్లు ఒక్కొక్కటే తూచి అయిదు గిన్నెల్లో పోశాను. ఫ్యాన్ గాలికి త్రాసు అంకె నిలవక ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుకుంటూ. తరవాత గిన్నెకో గ్రూప్ చొప్పున కాలిస్తే, తూచినవాటికీ డబ్బాలోంచి నేరుగా తీసినవాటికీ 0.2 మి.మీ. తేడా కూడా కనబడలేదు.

ఎందుకో ఆ తరవాత లెక్క కట్టుకున్నాను. సెకనుకు 170 మీటర్ల వేగంతో 10 మీటర్లు దాటడానికి 0.06 సెకను పడుతుంది. ఆ కాసేపట్లో పెల్లెట్ సుమారు 17 మి.మీ. కిందికి జారుతుంది. బరువులో ఒక శాతం, అంటే 5 మిల్లీగ్రాములు తేడా వస్తే వేగం అర శాతం మారుతుంది, జారుడు ఒక శాతం మారుతుంది. 17 మి.మీ.లో ఒక శాతం 0.17 మి.మీ. ఒక దశాంశం కూడా కాదు. మంచి లాట్‌లో పెల్లెట్‌కి పెల్లెట్‌కి అంత తేడా అరుదు. వేగంలో 2 శాతం తేడా వస్తే మాత్రం 0.7 మి.మీ. కదులుతుంది, అది లెక్కలోకి వచ్చేదే. కానీ అంత తేడా పెల్లెట్ బరువు వల్ల కంటే రైఫిల్‌లో గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ చెడిపోవడం వల్లో, సీలు అరగడం వల్లో వస్తుంది.

కాబట్టి తూకం మానేయండి. చేతిలోకి తీసుకున్నప్పుడు పావడా గుండ్రంగా ఉందో లేదో చూసి, నొక్కుకుపోయినవి పక్కన పడేస్తే సగం పని అయిపోయినట్టే. సబ్బు నీళ్లలో కడిగి నూనె రాసే పద్ధతి కూడా ఒకటుంది. పై మెట్టు పెల్లెట్లకు అది అనవసరం. ప్రతిదానికీ ఒకేలా నూనె అంటదు, దానివల్ల లేని తేడా మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

పరీక్ష ఎలా చేయాలంటే, ఒక్కో లాట్‌వి ఒక్కో డబ్బా తెప్పించుకోండి. నాలుగైదు లాట్లు చాలు. రైఫిల్‌ని బిగించి కాల్చే స్టాండ్ మీ రేంజ్‌లో ఉంటే అదృష్టం. లేకపోతే పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి గోదావరి ఇసుక నింపి రెండు వైపులా కుట్టేయండి, దానికి మించిన దిండు లేదు. ముందు చేతి కింద ఒకటి, భుజానికి ఆనే బట్ కింద ఒకటి. లాట్ మార్చిన ప్రతిసారీ గొట్టానికి కొత్త సీసం అలవాటు కావడానికి ఓ పది వృథాగా కాల్చండి. ఆ తరవాత పదేసి షాట్ల గ్రూపులు మూడు.

పది ఎందుకు, అయిదు చాలదా అంటారు. అయిదు షాట్ల గ్రూప్ పొగడ్త లాంటిది, వినడానికి బాగుంటుంది. అదే రైఫిల్, అదే పెల్లెట్‌తో 10 కాలిస్తే గ్రూప్ సగటున నాలుగో వంతు పెద్దదవుతుంది. మూడే కాలిస్తే ఇంకా చిన్నగా కనిపిస్తుంది. అయిదుతో లాట్లు పోల్చితే అదృష్టం బాగున్న లాట్ గెలుస్తుంది, మంచి లాట్ కాదు. ఫ్యాక్టరీవాళ్లు కొద్ది షాట్లు కాల్చి రైఫిల్‌తో పాటు పెట్టెలో పెట్టే టెస్ట్ కార్డు చూసి మురిసిపోవడం కూడా ఇందుకే తగ్గించుకోవాలి.

కొలిచేటప్పుడు చిల్లు బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్‌తో కొలిచి 4.5 తీసేయండి. మూడు గ్రూపుల సగటు తీసుకోండి. ఒక లాట్‌కి 1.8, ఇంకో లాట్‌కి 2.0 వస్తే వాటి మధ్య విజేత లేడు, ఏది ఎక్కువ డబ్బాలు దొరికితే అది కొనండి. ఒకటి 1.8, ఒకటి 3 వస్తే అప్పుడు నమ్మొచ్చు. గ్రూప్ ఆకారం కూడా మాట్లాడుతుంది. నిలువుగా సాగితే వేగంలో తేడాలున్నాయి, సిలిండర్‌లో గాలి ఎంతుందో మొదట చూడండి. అడ్డంగా సాగితే ఎక్కువసార్లు తప్పు దిండుదో, భుజానిదో. పరీక్ష జరిగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవడం, టార్గెట్ వెనక ఏటవాలు ఇనుప రేకు ఉన్న పెట్టె పెట్టడం, ముందు వైపు తలుపుకి గొళ్లెం వేయడం మరవొద్దు. ఇంట్లో పెంచే కోళ్లు కూడా రేంజ్‌లోకి నడిచి వస్తాయి.

అయిదు డబ్బాలా, యాభై డబ్బాలా

నప్పిన లాట్ తెలిసిన రోజే ఫోన్ తీయండి. అదే కంపెనీ, అదే కొలత, అదే లాట్ నంబర్ అని దుకాణదారుడితో మూడుసార్లు చెప్పించుకోండి. మొదటిసారి నేను ఇలా ఆర్డర్ ఇచ్చి, పార్శిల్ విప్పి చూస్తే ఇరవై డబ్బాల్లో పదకొండు వేరే లాట్. "పేరు అదే కదా సార్, సైజూ అదే" అన్నాడు దుకాణం అబ్బాయి. వాడికి పేరే కనిపిస్తుంది. ఇప్పుడు డబ్బు వేసేముందు డబ్బాల వెనక చీటీలు ఫోటో తీసి పంపమంటాను. ఒక సీజన్‌కి సరిపడా, పోటీలూ చివరి నెల సాధనా కలిపి పది పన్నెండు డబ్బాలు ఒకే లాట్‌వి ఉంటే నిశ్చింత. యాభై కొనేవాళ్లూ ఉన్నారు. కోనసీమ గాలిలో నేను కొనను.

ఎందుకంటే సీసానికి తేమ, పులుపు ఆవిరి రెండూ పడవు. వానాకాలంలో మా ఇంట్లో చెక్క బీరువాలో ఉంచిన రెండు డబ్బాల్లో పెల్లెట్ల మీద తెల్లటి బూడిద లాంటి పొర కట్టింది. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది, మ్యూజియంవాళ్లు సీసపు నాణేల్ని చెక్క సొరుగుల్లో పెట్టకపోవడానికి కారణం అదే. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు పడేసి, ఇనుప బీరువాలో పెట్టండి. వంటింటికి దూరంగా. తెల్ల పొర కట్టినవాటిని తుడిచి వాడదామనుకోకండి, ఆ పొడి ఒంటికి మంచిది కాదు. పెల్లెట్లు పట్టుకున్న చేత్తో పూతరేకులు తినడం, లోడ్ చేస్తూ రెండు నోట్లో పెట్టుకోవడం పిల్లలతో కచ్చితంగా మాన్పించాలి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి.

తేమ సిలిండర్‌కీ శత్రువే. చేతి పంపుతో గాలి నింపితే మన గాలిలోని నీరూ లోపలికి పోతుంది. నీటిని పట్టే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ దగ్గరే నింపించండి. ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి, నూనె అంటిన చోట ఆక్సిజన్ ఒత్తిడితో తగిలితే పేలుతుంది. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటిందా లేదా అనేది పోటీల్లో షూటర్ బాధ్యతే.

పాయింట్ టూటూ వైపు వెళ్లేవాళ్లకు

50 మీటర్ల రైఫిల్‌కి, అంటే .22 బోరు తూటా రైఫిల్‌కి, ఎదిగినవాళ్లకు లైసెన్సు, క్లబ్బు, తూటాల లెక్క అన్నీ వస్తాయి. అక్కడ తూటా కింది అంచులోనే రాజుకునే మందు ఉంటుంది కాబట్టి వాడిన గుల్లను మళ్లీ నింపడం మామూలుగా కుదరదు. అందుకే పెద్ద పెద్ద షూటర్లు రైఫిల్ మోసుకుని తూటాల కంపెనీల దగ్గరికే, బర్మింగ్‌హామ్‌లో ఈలీ దగ్గరికో, జర్మనీలో షోనెబెక్‌లోని లపువా దగ్గరికో వెళ్లి, బిగించి కాల్చి, లాట్ ఎంచుకుని అక్కడే కొనేస్తారు. 10 పాయింట్ల వలయం 10.4 మి.మీ. వెడల్పు, దూరం అయిదింతలు, పైగా గాలి. అక్కడ లాట్ తేడా ఎయిర్ రైఫిల్ కంటే చాలా పెద్దగా కనిపిస్తుంది. పద్ధతి మాత్రం పైన చెప్పిందే: పదేసి షాట్లు, మూడు గ్రూపులు, చీటీ మీద నంబర్.

మేనల్లుడికి చివరికి నాలుగు లాట్లు పంపాను, రెండు ఆర్10, రెండు ఫినాలే మ్యాచ్, అన్నీ 4.50. వచ్చే ఆదివారం ఇసుక దిండు మీద కాల్చి కాగితాలు ఫోటో తీసి పంపుతానన్నాడు. ఫ్యాన్ ఆపమని చెప్పడం మరిచిపోయాను, ఇప్పుడు చెప్పాలి.